స్కూటరుకు మొగుడు కావాలంట

మదనపల్లెలో పలమనేరు బస్సెక్కాను. పక్కన కూర్చున్న ఆమె కోపానికి కిటికీ అద్దం కరిగిపోతుందేమోనని భయమేసింది. చేతిలో రెండు స్కూటర్ల కాగితాలు.

"ఒకటి మైలేజీ ఎక్కువిస్తాదంట, సీటు ఎత్తు. ఇంకోదాంట్లో నా కాళ్లు నేలకు ఆనతాయి గానీ పెట్రోలు తాగతాది. బస్సును నమ్ముకోని రోజూ డ్యూటీకి లేటు, ఉద్యోగం పోయేట్టుండాది. ఏది మేలని అడిగితే షాపాయన 'మీ ఆయన్ని పిల్సుకోని రామ్మా' అంటాడు!" అంది నాతో.

నేను నోరు తెరిచేలోపు బస్సంతా నోరు తెరిచింది. ముందు సీటు పెద్దాయన, కండక్టరు, ఆఖరికి బుట్టలో కోడి కూడా సలహా ఇచ్చింది. సలహాలన్నీ నాకే!

"మైలేజీదే తీసుకోప్పా. ఆడోళ్లకేం తెలుస్తాది?" అన్నాడు పెద్దాయన.

ఆమె లేచి నావైపు వేలు చూపించింది. "ఈయప్ప ఎవురో నాకు తెల్దు! జీతం నాది, నడిపేది నేను, కాళ్లు నావి!" అంటూ మైలేజీ బండి కాగితాన్ని చించి ఆయన ఒళ్లో పడేసింది.

పుంగనూరులో దిగి వెళ్లిపోయింది. నేను కదలలేదు.

పెద్దాయన నావైపు తిరిగాడు. "పెండ్లాం అలిగి దిగిపోతే కూసోనుండావే, ఏం మొగుడివప్పా!"

ఆమె కోపం అప్పుడు నాకెక్కింది. ఇప్పటికీ దిగలేదు.