చివకని పేలిక

నీళ్ల తొట్టి కడిగినప్పుడల్లా అడుగున చేరిన ఒండ్రు వాసన లేస్తుంది. కోడలు ముక్కు మూసుకుంటుంది. నేనేమో చేతికంటిన ఆ బురదను కాసేపు కడుక్కోను. హుజూరాబాద్ అవతల మా అత్తగారి ఊళ్లో, గుట్ట కింద సీతమ్మ ఊటబావి ఉండేది. దాని అడుగునా ఇదే వాసన. ఆ బావిని కనిపెట్టుకుని ఉన్న రాజవ్వ పోయి ఎన్నో ఏండ్లయింది. అయినా ఈ వాసన తగలగానే, రాతి మెట్ల మీద నడుము వంచి నిలబడ్డ ఆమె నా కండ్ల ముందుకు వస్తుంది.

అదేమంత పెద్ద బావి కాదు. నడుము లోతు నీళ్లు, పక్కన ఒక మేడిచెట్టు. మంచాన పడ్డవాళ్ల కోసమో, దూరం పోయినవాళ్ల కోసమో ఇంటివాళ్లు వచ్చి, వాళ్లు కట్టి విడిచిన పాత బట్టలోంచి ఒక పేలిక చింపి ఆ కొమ్మలకు కట్టేవారు. ఎండకూ వానకూ చివికి అది దానంతటదే రాలితే కోరిక తీరుతుందని నమ్మకం. చేత్తో తెంపకూడదు. రాజవ్వ పెట్టిన కట్టడి ఇంకొకటి ఉండేది: పేలిక కట్టే ముందు బావిలోంచి దోసెడు పూడిక తీసి గట్టున వేయాలి. "అడుగుతందుకు వచ్చినవ్ గదా, ముందుగాల దాని బరువు జర దించు" అనేది.

మాది నేతపని చేసే ఇల్లు. పెళ్లైన మరుసటేడే నూలు దొరక్క మగ్గం ఆగిపోయింది. మా ఆయన బొంబాయి మిల్లుకు పోయాడు. మొదట్లో వచ్చేపోయేవాళ్ల చేత కబురు పంపేవాడు. తర్వాత అదీ ఆగింది. అక్కడే ఎవరినో చేసుకున్నాడని వాడకట్టులో గుసగుసలు. నేనూ పేలిక కట్టడానికి పోయాను. ఆయన పాత ధోవతి చింపడానికి మనసొప్పలేదు. బొంబాయి పోయే ముందు ఆయన నా కోసం నేసిన చీర అంచు చింపి కట్టాను.

రాజవ్వ దాన్ని వేళ్లతో తడిమి పకపకా నవ్వింది.

"ఓ పిల్లా! గిదేం కట్టినవే? గీ అంచు నేను సచ్చినా చివకది."

"నా మొగడు నేసింది అవ్వా. మంచిది కడ్తే మంచిగనే అయితది గదా?"

"అయితది. గంత గట్టిగ నేసెటోన్ని చేసుకున్నవ్, ఇగ గంతసేపు ఆగు మరి."

ఆ రోజు నుంచి పొద్దున్నే పోయి ఆమెతో పాటు పూడిక తీసేదాన్ని. వానకాలం పోయింది. చుట్టూ ఉన్న పేలికలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. నాది రంగు మాత్రం వెలిసింది. నా తర్వాత కట్టినామె పేలిక కూడా రాలి, ఆమె బిడ్డ జ్వరం తగ్గి లేచి తిరిగిందని విన్నరోజు నేనిక ఆగలేకపోయాను. గట్టెక్కి ముడి మీద చెయ్యి వేశాను.

"చెయ్యి తియ్యి!"

రాజవ్వ అంత గట్టిగా అరవడం అదే మొదటిసారి వినడం. బురద చేత్తోనే నా మణికట్టు పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టింది. తన కొడుకు మల్లేశం రజాకార్ల దినాల్లో అడవిలోకి ఉరికాడని అప్పుడు చెప్పింది.

"వాని తువ్వాల పేలిక కట్టిన. ఒక్క వానకాలానికే రాలింది. ఇగ వస్తడు, ఇగ వస్తడు అన్నరు అందరు. వాడైతే రాలే."

"మరింక ఈ బావి ఎందుకు తోడుతున్నవ్ అవ్వా?"

నన్ను తిక్కదాన్ని చూసినట్టు చూసింది. "వాడు గీ తొవ్వెంటనే వస్తడు గదనే. దూపతోటి వస్తడు. నీళ్లు తేటగ ఉండద్దా?"

మళ్లీ నేను ఆ ముడి జోలికి పోలేదు.

ఎండాకాలంలో ఇద్దరం బావిలో ఉండగా తొవ్వ మీద చెప్పుల చప్పుడైంది. నెత్తిన రేకు పెట్టెతో, రోగంతో సగమైపోయి, మా ఆయన. మోచేతుల దాకా బురదతో నేను అట్లాగే నిలబడిపోయాను.

"గట్ల చూస్తవేందే? నేనే" అన్నాడు.

రాజవ్వ ఆయన దోసిట్లో నీళ్లు పోసింది. చెట్టు వైపు చూసి, "పేలిక రాలకముందే మనిషి దిగిండు! గట్టోడివే అల్లుడా" అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆయన భుజం మీదుగా, ఆయన వచ్చిన తొవ్వ వైపు చూసింది. వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని. దుమ్ము అణిగేదాకా చూసి, వంగి మళ్లీ పూడికలో చెయ్యి పెట్టింది.

ఆమె పోయేదాకా మల్లేశం రాలేదు. తర్వాత ఊట కూడా ఎండింది. ఇప్పుడు నా కొడుకు దుబాయి నుంచి సెలవుకు వచ్చినప్పుడు, వాడికి చెంబు అందించి వాడి వెనక వాకిలి వైపు ఒకసారి చూస్తాను. "ఇంకెవరొస్తరే అమ్మా?" అని నవ్వుతాడు. మల్లేశం ఉంటే ఇప్పుడు ముసలివాడై ఉంటాడు. తొట్టి కడిగి నింపినరోజు మాత్రం, నీళ్లు తేటబడేదాకా నేను అక్కడి నుంచి లేవను.