ఉప్పు లేని మజ్జిగ

మా వైపు అక్కను అప్ప అంటాం. మా అప్ప ఇచ్చే మజ్జిగకు మా బావ పెట్టిన పేరు ‘రెండో షిఫ్టు’. మేం వలస వచ్చిన హిందీ ఊళ్లోని ఉక్కు కర్మాగారంలో మొదటి షిఫ్టు ముగించి ఇంటికి రాగానే చెప్పులు విడవకుండానే చెయ్యి చాచేవాడు. ఇత్తడి చెంబు నిండా మజ్జిగ, అందులో గుప్పెడుకు కొంచెం తక్కువ ఉప్పు. ఆ ఉప్పుకు ఒకప్పుడు న్యాయమైన కారణమే ఉండేది. బావ ఇరవై ఏళ్లకు పైగా ఫర్నేసు ముందు పనిచేశాడు. కరిగిన ఇనుము పారే చోట మనిషి ఒంట్లోని నీరూ ఉప్పూ చెమటగా కారిపోతాయి. అందుకని అక్కడివాళ్లకు ఉప్పు కలిపిన నిమ్మనీళ్లు తాగించేవారు. వేడికి ఎవరైనా సొమ్మసిల్లితే పక్కవాడు ముందు వెదికేది కూడా ఆ నీళ్ల కుండనే.

తరువాత మోకాళ్లు పట్టేయడంతో బావను పనిముట్ల స్టోరుకు మార్చారు. అక్కడ నెత్తిమీద ఫ్యాను తిరిగేది. చెమట ఆగింది గాని ఉప్పు ఆగలేదు.

నేను అదే కర్మాగారంలో హాజరు లెక్కలు చూసేవాణ్ణి. ఏ అంకెనైనా రెండుసార్లు సరిచూడకుండా వదలను. తొంభై ఆరు ప్రాంతంలో బావ తలనొప్పి అంటూంటే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాను. రక్తపోటు నూట ఎనభై దాటి ఉంది. రోజూ ఒక మాత్ర వేసుకోమని, ఉప్పు బాగా తగ్గించమని ఆయన చెప్పాడు. తిరిగి వస్తూ స్కూటరు వెనక కూర్చున్న బావ దారి పొడవునా నన్నే ఆడిపోసుకున్నాడు.

“ఉప్పు తగ్గిస్తే మనిషికి ఏటి మిగుల్తాదిరా? ఫర్నేసోడి ఒంట్లో ఉప్పుండాల. కుర్చీలో కూకుని హాజరేసుకునేవోడివి, నీకేటి తెలుస్తాది?”

“నువ్విప్పుడు ఫర్నేసు కాడ లేవు బావా. ఫ్యాను కింద ఉన్నావు.”

“ఫ్యాను కింద కూకున్న ఫర్నేసోడినిరా నాను!”

మాత్రలు వేసుకోగా తలనొప్పి పోయింది. తలనొప్పి పోయిందని మాత్రలు మానేశాడు. నొప్పి తగ్గడం వేరు, పోటు తగ్గడం వేరు అని నేను ఎన్నిసార్లు అన్నా, “నొప్పి లేనోడికి మందేటిరా, ఎవులైనా నవ్వుతారు” అనేవాడు. నవ్వింది మాత్రం ఆయనే.

ఆ మరుసటి ఎండాకాలంలో ఒక ఆదివారం ఉదయం నేనుండే మరోదా నుంచి సెక్టర్ 2లోని వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. వరండాలో కూర్చుని టీ తాగుతున్నాం. బావ కుడిచేతిలోంచి గ్లాసు జారి పడింది. పడిన గ్లాసు వైపు, తన చేతి వైపు ఎవరిదో వస్తువును చూసినట్టు చూశాడు. ఏదో అనబోయాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. మూతి ఎడమకు లాగేసి ఉంది.

“ఏటండీ? ఏటయ్యింది?” అంటూ అప్ప లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది.

ఆ కేకకు పక్క క్వార్టరాయన గోడ దూకి వచ్చాడు. ఫర్నేసు దగ్గర బావకు పాత జోడీ. ఒక్క చూపు చూసి, “లూ కొట్టింది వొదినా, వడదెబ్బే! ఉప్పునీళ్లు పట్టు, బేగి!” అన్నాడు. తనే వంటింట్లోకి చొరబడి చెంబెడు నీళ్లలో ఉప్పు కలిపి తెచ్చాడు. అన్నేళ్లు తోటివాళ్ల ప్రాణాలు నిలబెట్టిన పద్ధతి అది. ఆ తొందరలో ఉన్నదంతా ప్రేమే. కాని మొదటి గుక్కకే బావ పొలమారి, కళ్లు తేలేసి దగ్గాడు. సగం నీళ్లు కుడి పెదవి చివరినుంచి గడ్డం మీదికి కారిపోయాయి.

అప్ప చెంబు లాగేసుకుంది. “వడదెబ్బైతే ఒళ్లు కాలాల గదా! సల్లగున్నాడు. ఒక పక్కే పడిపోయిందేటి? ఒరే తమ్ముడూ, ఆటో పిలు!”

ఆసుపత్రిలో డాక్టరు మెచ్చుకున్నది అప్ప చెంబు లాగేసుకుని వెంటనే బయలుదేరడాన్నే. మెదడుకు వెళ్లే రక్తనాళం ఒకటి గడ్డకట్టిన రక్తంతో మూసుకుపోయిందనీ, మెదడులో ఎడమవైపు దెబ్బ తగిలితే కుడిచెయ్యి, కుడికాలు, మాట పోతాయనీ బొమ్మ గీసి చూపించాడు. మింగలేనివాడి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయన్నాడు. మూతి వంకరపోయినా, చెయ్యి వాలినా, మాట తడబడినా, మూడింటిలో ఏ ఒక్కటి కనబడినా ఏమీ తాగించకుండా, కాసేపు పడుకోబెట్టి చూద్దామనుకోకుండా పరుగున తీసుకురావాలన్నాడు. ఏళ్ల తరబడి పెరిగిన రక్తపోటే దీనికి మూలమని కూడా చెప్పాడు.

ప్రాణానికి భయం తీరింది. కాలు నెమ్మదిగా కదిలింది. ఇంటికి వచ్చాక అప్ప రోజూ కసరత్తు చేయించేది. ఒకే పక్క పడుకుని పుండ్లు పడకుండా అటూ ఇటూ ఒత్తిగిలించేది. మాట మాత్రం రాలేదు. చాలా రోజులకు వచ్చింది గాని, వచ్చింది తెలుగు కాదు, ఫర్నేసు దగ్గరి హిందీ.

“అరే భయ్యా, పానీ!” అన్నాడు ఒక ఉదయం. అన్నది అప్పతో.

ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని పడిపడి నవ్వింది. నీళ్లిచ్చింది. పక్క క్వార్టరాయనను పిలిచి మరీ వినిపించింది. ఆయన, “సూసినావా వొదినా, నిన్ను గ్యాంగులో సేర్సేసుకున్నాడు” అన్నాడు. వారం గడిచినా బావకు భయ్యా తప్ప మరో పిలుపు రాలేదు. ఒక సాయంత్రం పెరట్లో గిన్నెలు తోముతూ అప్ప తల ఎత్తకుండా నాతో అంది:

“ఇన్నేళ్ల కాపురం సేసి నాను భయ్యానైపోనాన్రా. బజారు హిందీ నాకూ వొచ్చును. గాని ఆయన నన్ను ఒలే అనకపోతే ఈ ఇంట్లో ఎవుల్ని పిలుస్తన్నాడో నాకు తెలీదు.”

డాక్టరును అడిగాను. రెండు భాషలవాడికి ఏది ముందు తిరిగి వస్తుందో ఎవరూ చెప్పలేరన్నాడు. ఇంట్లో ఇంటి భాషే మాట్లాడమన్నాడు. బావ మాట వెదుక్కుంటున్నప్పుడు అందించవద్దనీ, ఎంతసేపైనా ఆగమనీ చెప్పాడు. ఆగడం అప్ప స్వభావంలో లేదు. అయినా నేర్చుకుంది. వంకాయ తరుగుతూ వంకాయ గురించి, బియ్యం ఏరుతూ రాళ్ల గురించి ఆయనతో చెప్పేది. ఒక ప్రశ్న అడిగి, పెదవి బిగించి, ఆయన ముఖం చూస్తూ కూర్చునేది. ఇంటి ఉప్పు బాధ్యత నాకు అప్పగించింది. వారానికి సరిపడా కొలిచి పొట్లం కట్టి ఇచ్చేవాణ్ణి. ఆవకాయ జాడీ పక్కింటికి వెళ్లిపోయింది. ఆయనకు వండిన చప్పిడి కూరే ఆమె కూడా తినేది.

ఇలా సాగుతుండగా ఒక మధ్యాహ్నం నేనక్కడే ఉన్నాను. ఊతకర్ర పట్టుకుని వరండా వరకు నడిచి వచ్చిన బావకు అప్ప మజ్జిగ చెంబు అందించింది. ఎడమచేత్తో పట్టుకుని ఒక గుక్క తాగాడు. ముఖం చిట్లించాడు. చెంబులోకి చూశాడు, ఆమెను చూశాడు. పెదవులు కదిలాయి. నేను మాట అందించబోతే అప్ప నా మోకాలు గట్టిగా నొక్కింది.

“ఒలే,” అన్నాడు. మళ్లీ ఆగాడు. “ఉప్పేదే?”

అప్ప కదలలేదు. “ఏటన్నారు?”

“ఉప్పు... ఎయ్యనేదేటే?”

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. ఉప్పు డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. నేను లేవబోయాను. కాసేపటికి మూత మళ్లీ పడింది. ఒక నిమ్మచెక్క పట్టుకుని బయటికి వచ్చి చెంబులో పిండింది. చెంపల మీద తడి తుడుచుకోలేదు.

“ఎయ్యనేదు. ఎయ్యను. ఏటి సేస్తారో సేసుకోండి.”

బావ నావైపు తిరిగి, “దేఖో భయ్యా!” అని ఫిర్యాదు చేశాడు.

అప్ప మజ్జిగలో ఉప్పు లేదని ఆయన ఆ తరువాత రోజూ అదే వేళకు దెబ్బలాడాడు. రోజుకో కొత్త మాట కలిపి దెబ్బలాడాడు. నేను మధ్యలోకి వెళ్లలేదు. ప్రతిసారీ ఆమె, “ఏటీ, మళ్లీ అనండి” అని అడిగి, పూర్తిగా విని, నిమ్మచెక్క పిండేది.