నిజంగా ఎంత?

అనంతపురం నీటి సరఫరా ఆఫీసులో మేమంతా లెక్కల సారు అని పిలిచే మా పైఅధికారి, ఎండాకాలం ఊళ్లకు నీళ్ల ట్యాంకర్లు పంచడానికి కంప్యూటర్లో ఒక గణిత నమూనా కట్టారు. ఊళ్లు మండలాన్ని అడుగుతాయి, మండలాలు జిల్లాను అడుగుతాయి. పైవాళ్లు ఎలాగూ కోస్తారని అందరూ రెట్టింపు అడుగుతారు కదా! అందుకని అడిగినదాంట్లో సగం కంప్యూటరే కోసేసేలా పెట్టారు.

ఆ వేసవిలో కంబదూరు దగ్గరి ఊరి సర్పంచమ్మ వచ్చి ఆయన బల్ల ముందు నిలబడింది.

"మాకు కావాల్సినంతే అడిగితిమి సార్. దాన్ని గూడా సగం కోస్తిరే! దూడలు సచ్చిపోతాండాయి."

 అప్పటినుంచి సారు ప్రతి ఊరికీ తానే ఫోన్ చేసి, "నిజంగా ఎంత కావాలప్పా?" అని అడిగేవారు. పోనుపోను అది ఊతపదమైంది. టీ పోసే మనిషినీ, సెలవడిగిన నన్నూ అదే అడిగేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

రిటైరైన సాయంత్రం ఆయన్ని కదిరి బస్సు ఎక్కించడానికి వెళ్లాను. రాత్రికని హోటల్లో కట్టించుకున్న, ఒక్కరికి సరిపడే భోజనం పొట్లం ఆయన చేతిలో ఉంది.

"ఇంటికాడ ఎవరుండారు సార్?" అన్నాను.

"శానామంది ఉండారప్పా" అన్నారు, పొట్లాన్ని సంచిలోకి తోస్తూ.

ఆయన ప్రశ్నే నా నోటిదాకా వచ్చింది. అడగలేకపోయాను.