పెళ్లివారికి పెట్టిన ఫాండ్యూ

ఈ మధ్య పెళ్లిళ్లలో ఇచ్చే నీళ్ల సీసాలు మరీ చిన్నవైపోయాయి. రెండు గుక్కలకు అయిపోతాయి; మూత తీసిన శ్రమకు కూడా సరిపోవు. ఆ రోజుల్లో ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో అందరికీ ఒకటే చెంబు. ఎత్తి పోసుకోవాలి. పెదవి తగిలిందా, అమ్మ దాన్ని చింతపండు పెట్టి తోమేది, తోమినంతసేపూ మనల్నే చూసేది. అలాంటి ఇంట్లో, పెళ్లిచూపులైన కొత్తలో, నేను ఫాండ్యూ పెట్టాను: ఒకే గిన్నెలో కరిగించిన చీజ్‌లో అందరూ బ్రెడ్డు ముంచుకుని తినేది.

అమ్మాయి నాకు నచ్చింది. నేను ఆమెకు నచ్చానో లేదో ఎవరూ చెప్పలేదు. వాళ్లది కొత్తగూడెం, తండ్రి బొగ్గుబావిలో పని. అమ్మాయితో సహా వచ్చి, ఇల్లు చూసి మాట చెబుతామన్నారు. (ఇల్లు చూడటమంటే అబ్బాయిని రెండోసారి చూడటమని తర్వాత తెలిసింది.) హైదరాబాద్‌లో ట్రైనింగ్‌కు వెళ్లినప్పుడు ఒక పార్టీలో ఫాండ్యూ తిన్నాను కనుక, సంబంధం కుదిర్చే భారం దానిమీదే వేశాను. చీజ్ సూపర్‌మార్కెట్‌లో దొరికింది. కరిగేటప్పుడు వైన్ పోయాలట. అమ్మ ఉన్న ఇంట్లో అది కుదరదు కనుక నిమ్మకాయ పిండాను. గిన్నె కింద సన్నని మంట ఉండాలట. హారతి కర్పూరం వెలిగించాను. అమ్మాయి నానమ్మ వస్తూనే ఆ మంటకు చేతులు చాచి కళ్లకద్దుకుంది. నేను అడ్డు చెప్పలేదు.

అందరూ చుట్టూ కూర్చున్నాక, తినే పద్ధతి చూపించడానికి నేనే ఒక బ్రెడ్డు ముక్కను ఫోర్కుకు గుచ్చి, చీజ్‌లో ముంచి, సగం కొరికి, మిగతా సగం మళ్లీ ముంచాను.

“అదేంది బిడ్డా, కొరికింది మల్ల గిన్నెల పెడ్తున్నవ్?” అంది నానమ్మ.

“దీని పద్ధతే అంత నానమ్మా. స్విట్జర్లాండ్ కొండల్లో చలికాలం ఎండిన రొట్టె, గట్టిపడ్డ చీజ్ తప్ప ఏమీ ఉండేవి కావట. అందరూ ఒకే గిన్నె చుట్టూ చేరేవాళ్లట. ప్రేమలు పెరుగుతాయి.”

“గరీబోళ్లు, గతిలేక తిన్నరు. నీకేమొచ్చింది?”

(ముక్కను గిన్నెలో జారవిడిచినవాళ్లు పక్కవాళ్లను ముద్దు పెట్టుకోవాలనే నియమం కూడా ఉంది. సందర్భం చూసి దాన్ని వదిలేశాను.)

“బాయిల మేం నలుగురం ఒక్క టిఫిన్ల తింటం గదనే అమ్మా. ఎంగిలేంది?” అంటూ అమ్మాయి తండ్రి ధైర్యంగా ముంచాడు. అప్పటికే కర్పూరం అయిపోయింది, చీజ్ బిగుసుకుంటోంది. గిన్నె నుంచి ఆయన మీసం దాకా తీగ సాగింది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. నేను కత్తెర తెచ్చాను. అమ్మాయి చున్నీ నోటికడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

అప్పుడు వంటింట్లోంచి అమ్మ వచ్చింది. “అన్నయ్యా, లేవుండ్రి. కోడికూర సల్లారిపోతాంది. వాడు గంతే.”

వాళ్లు లేచిన వేగం చూసి నా సంబంధం పోయిందనుకున్నాను. కానీ వారం తిరక్కముందే సరేనని ఫోనొచ్చింది. అదంతా ఒకే గిన్నె మహిమేనని నేను అప్పుడే తేల్చుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఏ పుట్టినరోజైనా ఫాండ్యూ ఉండాల్సిందే. (అమ్మ తన వాటా ముందే వేరే గిన్నెలో తీసి పెట్టుకుంటుంది.) మొన్న కూడా ఫోర్కు పైకెత్తి, ఒకే గిన్నె మీదికి వంగినవాళ్లు పరాయివాళ్లుగా ఉండలేరని, అందుకే కొండల్లో పుట్టింది పార్టీల్లో బతికిందని, అందుకు నా పెళ్లే సాక్ష్యమని మా ఆఫీసువాళ్లకు వివరించాను. కర్పూరం వెలుగులో పెళ్లి కుదుర్చుకోబోయిన ఆనాటి నన్ను తలుచుకుంటే కాస్త ముచ్చట కూడా వేసింది.

బ్రెడ్డు కోస్తున్న మా ఆవిడ తలెత్తకుండానే వాళ్లతో అంది: “మా నాయిన ఈయన్ను జూసి ఒప్పుకోలే. ఇసొంటి కొడుకును ఇన్నేండ్లు భరించిందంటే అత్తమ్మ మంచిదే అయ్యుంటదని ఒప్పుకున్నడు.”