గొర్ల వెంట పోయిన కెప్టెన్

మా బావ పోయాడు. ఆత్మకూర్ బడిలో నేను పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తుంటే సైకిల్ మీద వచ్చిన మనిషి గుమ్మం బయటే దిగి, చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. అట్లా నిలబడిన మనిషి మంచి మాట తేడని నాకు తెలుసు. పొద్దున జొన్నరొట్టె తిని, మందను తోలుకుపోయే ముందు కాసేపు నడుం వాలుస్తానని గొంగడి పరుచుకున్నాడట. మళ్లీ లేవలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు, దవాఖాన మొహం చూడలేదు. బతికినన్నాళ్లూ ఎవరినీ తిప్పలు పెట్టని మనిషి పోయేటప్పుడు మాత్రం ఎందుకు పెడతాడు!

మా అక్క భర్త ఆయన. మీలో ఎవరూ ఆయన గురించి విని ఉండరు. పాలమూరులో ఒకప్పుడు జీతం తీసుకుని ఫుట్‌బాల్ ఆడిన గొర్లకాపరుల టీమ్ ఉండేదని, దానికి మా బావ కెప్టెన్ అని చెబితే నవ్వుతారు కూడా. నవ్వండి. నేనూ ఆయన్ను చూసి నవ్వినదాన్నే. మరదలినై పుట్టి నవ్వకుండా ఎట్లా ఉంటాను?

వయసులో ఉండగా బావ హైదరాబాద్‌లో పల్టన్‌లో, అంటే సర్కారు సైన్యంలో, గుర్రాలకు మేత వేసే పనికి కుదిరాడు. ఆట అక్కడే నేర్చాడు. సర్కారు మారాక పల్టన్ ఎత్తేశారు. అందరూ పెట్టెలతో, బట్టలతో ఇళ్లకు వస్తే ఈయన ఒక తోలు బంతితో వచ్చాడు. గాలి పోయి ముడుచుకుపోయిన ఆ బంతిని మా అవ్వ పైకెత్తి చూసి, ఎండిన సొరకాయ అనుకుని, నీళ్ల బుర్ర చేద్దామని చూరుకు వేలాడదీసింది. అల్లుడు ఏం తెచ్చాడని అడిగినవాళ్లకు మా ఇంట్లో చాలా రోజులు అదే చూపించారు.

మా ఊళ్లో గొర్ల మందలు మిట్టమధ్యాహ్నం నీడకు పడుకుని నెమరేస్తాయి. ఆ వేళ కాపరులకు పని ఉండదు. ఆ కాసేపట్లోనే బావ వాళ్లకు ఆట నేర్పాడు, నెత్తిన ఎండ మాడుతుండగా, గరుసు నేల మీద, ఉత్త కాళ్లతో. రోజంతా గుట్టలెక్కి దిగే కాళ్లవి, అలసట అంటే తెలియదు. ఇతర టీముల్లో కెప్టెన్ ముందు వరసలో ఉంటాడట. మా బావ మాత్రం గోల్ కీపర్‌కు కాస్త ముందు, అందరికీ వెనకాల నిలబడేవాడు. అదేమని అడిగితే ఒకటే చెప్పేవాడు: "మందకు ముందట నడిచేటోడు గడ్డి జూస్తడు. ఎన్క నడిచేటోడు మందను జూస్తడు."

మొదటిసారి పాలమూరు పోయి పట్నం పిల్లలతో ఆడినప్పుడు జరిగింది చెబితే ఇప్పటికీ నాకు నవ్వాగదు. మా కాపరులు ఈల వేశారంటే మంద ముందుకు కదలాలని అర్థం. రిఫరీ ఈల వేసి ఆట ఆపితే మావాళ్లు ఆగకపోగా ఇంకా జోరుగా ఉరికారు. ఆయన మళ్లీ ఊదాడు, వీళ్లు మళ్లీ ఉరికారు. బంతి గోల్ దాటి, జనాన్ని దాటి, రోడ్డు మీదికి పోయింది. రోడ్డు దాకా దాని వెంట పోయి, అక్కడ ఎడ్లబండి అడ్డం వస్తే గానీ మావాళ్లు నిలబడలేదు. ఆ జనంలో పల్లీల మిల్లు సేఠ్ ఉన్నాడు. కడుపు పట్టుకుని నవ్వి, ఆట అయ్యాక బావ దగ్గరికి వచ్చాడు. "గీ పోరగాండ్లు ఆపితే ఆగుతలేరు. నాకు గిసొంటోళ్లే కావాలె" అన్నాడట. ఆ వారమే అందరినీ మిల్లులో పనికి పెట్టుకున్నాడు. పేరుకు పని బస్తాలు మోయడం, అసలు పని ఆట.

ఆ తర్వాత మా ఇంటి కథే మారిపోయింది. బావ తన గొర్లను అమ్మేశాడు. మిల్లు వెనక అక్కకు ఒక గది ఇచ్చారు, దానికి కరెంటు దీపం, గుమ్మం ముందే నీళ్ల పంపు. మా ఊళ్లో ఆడవాళ్లు ఎండాకాలం నీళ్ల కోసం ఎంత దూరం నడుస్తారో తెలిసినవాళ్లకే ఆ పంపు విలువ తెలుస్తుంది. అక్క ఆ పంపును రోజూ చింతపండుతో తోమేది. చదువుకోవడానికని నన్నూ తెచ్చి తనతో పెట్టుకున్నారు. ఆడపిల్లకు చదువెందుకని మా బాపు అడ్డం పడితే, ఇంట్లో ఒకరైనా పేపర్ చదివి తన టీమ్ గురించి ఏం రాశారో చెప్పాలి కదా అని బావ అన్నాడు. నేను చదివినన్నాళ్లూ పేపర్లో ఒక్క ముక్కా రాలేదు గానీ, నా చదువు మాత్రం సాగింది.

నల్లగొండ, రాయచూరు, కర్నూలు, ఎక్కడ పందెం ఉంటే అక్కడికి సేఠ్ లారీలో పోయేవారు. లారీలో పల్లీ బస్తాలు, బస్తాల మీద మావాళ్లు. గెలిచి వచ్చిన రోజు మిల్లు దగ్గర డప్పులు మోగేవి. ఓడి వచ్చిన రోజు తలలు దించుకుని దిగేవారు. బావ ఆ రెండు రోజులకూ తేడా చూపేవాడు కాదు. "గెలిచినా ఆకలైతది, ఓడినా ఆకలైతది. ముందుగాల తినుండ్రి" అని అందరినీ వరసగా కూర్చోబెట్టి, ఉల్లిగడ్డ చేత్తో చితక్కొట్టి పంచేవాడు. తాను ఆఖరున తినేవాడు. బంతికి ఆముదం రాసి గొంగట్లో చుట్టి పెట్టాకే పడుకునేవాడు. అక్క తలకు పెట్టే ఆముదం అంతా బంతే తాగుతోందని నేను దెప్పేదాన్ని.

ఇట్లా ఉండగా హైదరాబాద్ నుంచి పిలుపు వచ్చింది. అక్కడి పెద్ద పందెంలో గెలిస్తే ఒక పెద్ద కార్ఖానా మొత్తం టీమ్‌ను తీసుకుంటుందని, క్వార్టర్లు ఇస్తుందని సేఠ్ కబురు తెచ్చాడు. అక్క అప్పుడే ఏ గిన్నెలు తీసుకుపోవాలి, ఏవి వదిలెయ్యాలి అని లెక్క వేసుకుంది. కానీ ఆ ఏడు వానలు పడలేదు.

ఒకనాడు పొద్దున మిల్లు గేటు పక్కన ముసలివాళ్లు వచ్చి కూర్చున్నారు. మా ఆటగాళ్ల తండ్రులు. గొంగళ్లు నెత్తిన కప్పుకుని, కర్రలు పక్కన పెట్టుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా కూర్చున్నారు. నేను చెంబుతో నీళ్లు పట్టుకుపోతే తాగి, సల్లగుండు బిడ్డా అన్నారు, అంతే. వాళ్ల నుంచి మాట రాబట్టింది బావే. ఊళ్లో గడ్డి పోచ లేదు. మందలను కృష్ణ దాటించి అడవికి తోలుకుపోవాలి. అంత దూరం నడిపించే సత్తువ ముసలి కాళ్లకు లేదు. కొడుకులను రమ్మని అడగడానికి నోరు రాలేదు, జీతాల మీద ఉన్నారు కదా.

హైదరాబాద్ ఆట అయ్యేదాకా ఆగమని సేఠ్ బతిమాలాడు. చెడ్డమనిషి కాదు, నిజంగానే బతిమాలాడు. "గొర్రెకు రేపంటే తెల్వది సేఠ్" అన్నాడు బావ.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. అప్పటి గోల్ కీపరే ఇప్పుడు మా ఇంటాయన, ఆయన చెప్పగా విన్నాను. సేఠ్ కుట్టించిన కొత్త చొక్కాలు తొడుక్కుని అందరూ రేకుల షెడ్డులో నిలబడ్డారు. తండ్రులు బయట కూర్చున్న సంగతి అందరికీ తెలుసు. పోతానని ముందు అన్నవాడే టీమ్‌ను ముంచినవాడు అవుతాడని ఎవరూ నోరు తెరవలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అప్పుడు బావ తన చొక్కా విప్పి, మడిచి, బస్తా మీద పెట్టాడు.

"నేను పోతున్న. నా గొర్లు సస్తున్నయి" అన్నాడు.

ఆయనకు ఒక్క గొర్రె లేదని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట అనలేదు. మా ఇంటాయన రెండోవాడిగా చొక్కా విప్పాడు. ఆ వెనక తక్కినవాళ్లు.

టీమ్ అట్లా చెదిరింది. సేఠ్ ఎక్కడెక్కడి వాళ్లనో పోగు చేసి హైదరాబాద్ పంపాడు గానీ మొదటి ఆటలోనే ఓడి తిరిగి వచ్చారు. ఆ తర్వాత ఆయనకూ ఆట మీద మనసు విరిగింది. నన్ను హాస్టల్లో చేర్పించి, నా చదువు ఆగదని హెడ్ పంతులమ్మతో నా ముందే చెప్పించి, అప్పుడు గానీ బావ కదలలేదు. ఈ బతుకంతా ఆయన పెట్టిన భిక్షే, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. తర్వాత బావ మా బాపు గొర్ల వెంటే జీతగాడిగా నడిచాడు. అక్క గది ఖాళీ చేసి ఊరికి పోయి మళ్లీ కుండ నెత్తికెత్తుకుంది. "గొర్లు లేనోడు గొర్లెంట పోయిండు" అని ఎన్నేళ్లు అన్నదో! ఆ మాటకు బావ ఎన్నడూ ఎదురు చెప్పలేదు. అక్కది తప్పని నేనూ అనను, ఆ పంపు పోయింది ఆమెకే.

ఆ ఏడాది నుంచి మా బావ ప్రతి ఏడూ మందతో కృష్ణ వైపు నడిచేవాడు. దారిలో ఏ ఊరి రైతు పిలిస్తే ఆ చేనులో ఎరువు కోసం మందను నాలుగు రోజులు ఆపుతారు. ఆపిన ప్రతిచోటా మధ్యాహ్నం గొర్లు పడుకోగానే గొంగట్లోంచి బంతి తీసేవాడు. పత్తి ఏరే వాళ్లు, కూలి పోయే వాళ్లు, పని లేని వాళ్లు, ఎవరు కనబడితే వాళ్లను పిలిచి రెండు రాళ్లు పెట్టి ఆడించేవాడు. ఆత్మకూర్‌లో నాకు ఉద్యోగం వచ్చాక మా ఇంటి వెనక కూడా ఆ గోలే. నాకు పెళ్లి చేసిందీ ఆయనే. గోల్ కాపాడలేనివాడు సంసారం ఏం కాపాడతాడని నేను మొండికేస్తే, వాడు వదిలేసిన బంతులే చూశావు, పట్టినవి చూడలేదని నా నోరు మూయించాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, హైదరాబాద్ పోయి ఉంటే ఏమయ్యేవాడివని ఎన్నడూ అనిపించదా, ఇంత కష్టపడి కట్టిన టీమ్ ఖతమైంది కదా అని. చెప్పులో ముల్లు తీసుకుంటూ, తల ఎత్తకుండా జవాబు చెప్పాడు.

"టీమ్ యాడికి పోయింది పిల్లా? మంద చెదిరింది. చెదిరిన మంద సచ్చినట్టా?"

ఓడినవాడు ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా అనుకున్నాను.

పదకొండో రోజు దినానికి మేం చుట్టాలకు సరిపడా వండాం. పొద్దెక్కేసరికి దారుల వెంట మనుషులు రావడం మొదలైంది. ఎవరో మాకు తెలియదు. అమరచింత దిక్కు నుంచి కొందరు, ఏటి ఒడ్డు ఊళ్ల నుంచి కొందరు, నడిచి, బండ్ల మీద, బస్సు దిగి. మా టీమ్ కెప్టెన్ పోయాడంటే వచ్చాం అన్నారు. ఇంకో ఊరివాళ్లు, మీ కెప్టెన్ ఎట్లా అవుతాడు, మా టీమ్ కట్టింది ఆయన, మా కెప్టెన్ అన్నారు. ప్రతి ఊరూ ఆయన తమ ఒక్కరికే కెప్టెన్ అనుకుంది. మాట మాట పెరిగి, మా ఇంటాయన మధ్యలోకి పోయి అందరినీ విస్తళ్ల ముందు కూర్చోబెట్టాల్సి వచ్చింది. లోపల గోడకు ఆనుకుని కూర్చున్న అక్క అదంతా వింటూ ఉంది. మెతుకు ముట్టలేదు.

తిని, చేతులు కడుక్కుని, వాళ్లు పోవడానికి లేచినప్పుడు అక్క గడప దాటి బయటికి వచ్చింది. ఏటి ఒడ్డు వాళ్ల సంచిలో బంతి ఉందని ఎట్లా చూసిందో చూసింది.

"గంత దూరం నుంచి వచ్చి తిని పోతరా? జర ఆడిపోరాదుండ్రి. ఆయన ఆట నేను ఒక్కనాడన్న చూడలె."

దినం నాడు ఆటేమిటని, ముండమోసిన మనిషి బయట కూర్చోవడమేమిటని మా పెద్దలు సణిగారు. ఇష్టం లేనివాళ్లు ఇంట్లో కూర్చోండని నేను గట్టిగానే అన్నాను. ఊరి బయట బీడులో రెండు దిక్కులా రాళ్లు పెట్టారు. ఊళ్లన్నీ కలిపి రెండు జట్లుగా విడిపోయారు. అక్క గట్టు మీద కూర్చుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. చాలాసేపటికి నన్ను మోచేత్తో పొడిచి, "గీళ్లల్ల మనోళ్లు ఎవరే చెల్లె?" అని అడిగింది.

నేను చూశాను. దుమ్ములో అందరూ ఒక్క రంగే అయ్యారు. ఎవరు ఏ ఊరో, ఎవరు ఏ జట్టో నాకు తెలిస్తే కదా. ఏం చెప్పాలా అని నేను తడుముకుంటుండగానే బంతి రెండు రాళ్ల నడుమ నుంచి దూసుకుపోయింది. గోల్ వేసింది ఎవరో అక్కకు తెలియదు. లేచి నిలబడింది. కొంగు జారిపోతున్నా చూసుకోకుండా రెండు చేతులూ పైకెత్తింది.