వాన పాట మళ్ళీ వేయించినవాళ్ళు

మొన్న ఒక సాయంత్రం అనంతపురంలోని మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట. అరవై దాటిన ఆడవాళ్ళు సెల్‌ఫోన్లో ఏమేం చూస్తారు, ఎంతసేపు చూస్తారు అన్నది ఆమె తీసుకున్న అంశం. ఎండన పడి వచ్చిందని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. ఒళ్ళో పలకంత ట్యాబు పెట్టుకుని, నా వయసూ చదువూ చేసిన ఉద్యోగమూ అన్నీ అడిగి వేలితో నొక్కుకుంటూ పోయి, చివరకు రోజుకు ఎన్ని గంటలు వీడియోలు చూస్తారు మేడమ్ అని అడిగింది. నేను ఆలోచించనైనా ఆలోచించకుండా, నాకు ఆ అలవాటు లేదమ్మా, ఫోను మాట్లాడటానికే అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా ఫోను నా చీర కొంగు కిందే ఉంది. ఆమె తలుపు తట్టేదాకా నేను చూస్తూ కూర్చున్న వీడియోల వేడి ఇంకా దానికి చల్లారలేదు.

ఆ అమ్మాయి మజ్జిగ తాగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు. సినిమా గురించీ రేడియో గురించీ పత్రికల గురించీ పిల్లలకు ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి, జనం దేన్ని ఎందుకు చూస్తారో తెలుసుకోవడమూ ఒక చదువేనని వాదించి, ఆ చదువు మీదనే ఇప్పటికీ పెన్షను తింటున్నదాన్ని, ఆ చదువు నా గుమ్మంలోకి వచ్చి నన్నే ఒక మాట అడిగితే బొంకాను. అయితే నన్ను ఇంతగా కుదిపింది ఆ బొంకు కాదు. ఆ జవాబును నేను అంతకుముందే విన్నాను. నలభై ఏళ్ళ కిందట ఒక ఊరు ఊరంతా కలిసి నాకు అదే జవాబు చెప్పింది.

నా ఈడు వాళ్ళకు టూరింగ్ టాకీసు అంటే విడమరిచి చెప్పనక్కరలేదు. పంటలు ఇంటికి చేరాక ఊరి బయట కొయ్యలు పాతి, డేరా కట్టి, వాగులూ వంకల్లోని ఇసుక బండ్లతో తెచ్చి పరిచి, ఒకే ఒక ప్రొజెక్టరుతో రీలు రీలుకూ ఆపి మారుస్తూ ఆడించే ఆ టెంటు సినిమాల మీద పరిశోధన చేస్తానని నేను మా గైడు గారి దగ్గర పేరు రాయించుకున్నప్పుడు, యూనివర్సిటీలో నవ్వనివాళ్ళు లేరు. శాసనాల మీద చేస్తారు, కావ్యాల మీద చేస్తారు, నేల టికెట్టు వాళ్ళ మీద ఎవరైనా చేస్తారా అన్నారు. ధర్మవరంలో మగ్గం మీద కూర్చున్న మా నాయన అయితే ఆ మాట విని అటూ ఇటూ ఆడే నాడె ఆపి, "సినిమాలు సూసేదానికి యూనివర్సిటీ ఎందుకే పాపా? ఈడ మన టాకీసులో సూస్తే కాదా?" అని అడిగినాడు. వెటకారానికి కాదు, నిజంగానే తెలియక అడిగినాడు.

మా గైడు గారు నిదానస్తుడు, మితభాషి. సినిమా మీద చదువును ఒప్పించాలంటే లెక్కలు కావాలి, లెక్కలు లేకపోతే దీన్ని కబుర్లంటారు అని చెప్పి, ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నపత్రాలు నింపుకుని రమ్మన్నారు. వేసవి సెలవులయ్యేలోపు అవి రాకపోతే అంశం మార్చుకోక తప్పదని కూడా మెత్తగానే చెప్పారు. శింగనమల దగ్గర ఒక ఊళ్ళో మా చిన్నమ్మ ఉండేది, మా అమ్మకు చెల్లెలు. ఆ ఏడు ఆ ఊరికి టెంటు వచ్చింది. నేను సైక్లోస్టైలు చేయించిన కాగితాల కట్ట సంచిలో పెట్టుకుని బస్సు దిగాను.

అది వరసగా కరువు పడిన కాలం. చెరువు నోరు తెరుచుకుని పడి ఉండేది. మృగశిర కార్తె వచ్చినా ఆకాశం మీద గోరంత మబ్బు లేదు. వేరుశనగ విత్తనాలు మూటల్లోనే ఉన్నాయి. మగవాళ్ళు రచ్చకట్ట మీద కూర్చుని పడమటి దిక్కుకు చూసేవాళ్ళు, లేచి పోయేవాళ్ళు, మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళు. ఎవరికీ ఒకచోట కాలు నిలిచేది కాదు. అందరిదీ ఒక దిగులైతే టెంటు యజమానిది ఇంకొక దిగులు. మొదటి గట్టి వాన పడిందంటే జనం సేద్యంలో పడతారు, డేరా తడుస్తుంది, మరుసటి రోజే కొయ్యలు పీక్కుని పోవాలి. "వాన రావల్ల, నా టెంటూ ఉండల్ల, ఎట్ల మొక్కుకునేది తల్లీ?" అని నాతోనే ఒకసారి అన్నాడు. నా సంగతీ అదే. టెంటు లేచిపోతే నా చదువు లేచిపోతుంది. పొద్దున లేవగానే అందరితోపాటు నేనూ పడమటికే చూసేదాన్ని, ఏం చూడాలని చూస్తున్నానో మాత్రం నాకే తెలిసేది కాదు.

ఇంటింటికీ తిరిగాను. సినిమాలు చూస్తారా అంటే, చూడము. నెలకు ఎన్ని అంటే, ఒక్కటీ లేదు. పోయిన వారం టెంటులో ఏం ఆడింది అంటే, మాకేం ఎరుక. ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, "యాడ సూస్తామమ్మా, దుడ్లు యాడుండాయి? తాగేదానికి నీళ్ళే లేవు, సినిమాలంట!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎక్కువ అడిగానేమోనని నేనే నొచ్చుకున్నాను. వీధి తర్వాత వీధి, కాగితం తర్వాత కాగితం, అంతటా అదే. మా చిన్నమ్మ కూడా, నా సొంత చిన్నమ్మ, నేను ఆమె ఎదుట కాగితం పరిచేసరికి మొగం గంభీరంగా పెట్టి, నేను సినిమాలకు పోను, రాసుకో అంది.

పొద్దు గుంకేసరికి టెంటు మీది మైకులో దేవుడి పాట మొదలయ్యేది. ఆ పాట వచ్చిందంటే టికెట్టు గది తెరిచినారని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. ఆ పాట వినబడగానే వీధి వీధంతా తలుపులు మూసుకోవడం, పిల్లల్ని సంకనేసుకోవడం, చింపిరి తల దువ్వుకోవడం. నా చేతిలో చెయ్యి పెట్టి ఏడ్చిన ముసలామె మనవరాలిని ముందు తోసుకుంటూ పరుగులాంటి నడకతో పోతోంది. మా చిన్నమ్మ అద్దం ముందు నిలబడి కొప్పులో పూలు దోపుకుంటోంది. నేను గుమ్మంలో సంచితో నిలబడి చూస్తుంటే, "రావే పాపా, ముందు పోకుంటే తావు దొరకదు" అంది.

పొద్దున నాతో ఏం చెప్పినావు చిన్నమ్మా అని అడిగాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "కాగితం పట్టుకోని వచ్చినోళ్ళకు ఉండాదని చెప్తారా ఎవరన్నా? పోయినేడు ఎవరో ఇట్లనే వచ్చి సైకిలుండాదా, రేడియో ఉండాదా అని అడిగి రాసుకోని పోయినారు. ఉండాదని చెప్పినోళ్ళకు గవర్మెంటోళ్ళ కరువు పని దొరకలేదు. నువ్వు మా అక్క కూతురివే, నీ కాగితం మా అక్క కూతురా?" అంది. ఆ మాటకు నేను నవ్వానో, నీరుగారిపోయానో చెప్పలేను. సంచిలో ఉన్న కాగితాలన్నీ కలిపి చెప్పేది ఒకటే, ఈ ఊళ్ళో సినిమా చూసేవాళ్ళే లేరని. మా గైడు గారికి వాటిని తీసుకుపోయి చూపించే ముఖం నాకు లేదు.

ఆ సాయంత్రం సంచి ఇంట్లోనే పడేసి చిన్నమ్మ వెంట పోయాను. డేరాలో ఒక తడిక కట్టి ఆడవాళ్ళను ఒక పక్క, మగవాళ్ళను ఒక పక్క కూర్చోబెట్టేవాళ్ళు. ఆడవాళ్ళు ఇసుకను కుప్పగా తోసుకుని, ఆ కుప్ప మీద కూర్చుని ఎత్తయ్యేవాళ్ళు. వెనకున్నవాళ్ళు అంతకంటే పెద్ద కుప్ప చేసుకునేవాళ్ళు, దాని మీద జగడం. చిన్నమ్మ నాకూ ఒక కుప్ప చేసిపెట్టింది. పల్లీలు వేయించుకుని కొంగున కట్టుకొచ్చిన వాసన, పిల్లల ఏడుపు, బీడీల పొగ. బొమ్మ మొదలైనా మాటలు ఆగలేదు. తెర మీద అత్త కోడలిని తిడుతుంటే ఈడనుంచి అత్తకు జవాబులు. నేను చెవి అప్పగించి కూర్చున్నాను.

అప్పుడు వాన పాట వచ్చింది. ఏ సినిమాలోనైనా ఉండేదే, నాయికా నాయకుడూ జడివానలో తడుస్తూ పాడుకునే పాట. అంతదాకా గోలగోలగా ఉన్న టెంటు చప్పుడు లేకుండా అయిపోయింది. ఆ ఇద్దరి మొగాలు ఎవరూ చూడటం లేదని నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు. అందరి చూపూ వాళ్ళ కాళ్ళ కింద నేల మీద ఉంది. నా ముందున్న ఆమె, "ఇట్ల పైపైన పోతాండాది గాని, జానెడు పదునన్నా దిగుతాందా?" అంది, పదును అంటే విత్తనానికి సరిపోయే నేల తడి. "నిలబడి కురుస్తాండాది లేక్కా, దిగుతాది. ఈ వానకు శెనక్కాయలు ఏసేయొచ్చు," అని చిన్నమ్మ. తడిక అవతలి నుంచి ఒక మగ గొంతు, అది ఎర్రనేల, అర్ధదినం ఆగి విత్తల్లని తీర్మానం చేసింది. రీలు అయిపోయి దీపం వెలగగానే అందరూ ఒక్క గొంతుతో ఆపరేటరు మీద పడ్డారు, మళ్ళీ వెయ్యమని. ఆపరేటరు మారుమాట లేకుండా రీలు తిప్పి మళ్ళీ వేశాడు. ఏ టెంటు వచ్చినా కరువేడు వాన పాట రెండుసార్లు వేయడం ఆ ఊరి ఆనవాయితీ అని చిన్నమ్మ నాకు చెప్పింది. రెండోసారి వేసినప్పుడు నేనూ నేలనే చూశాను. నా కాగితంలో ఈ సంగతికి ఏ ప్రశ్నా లేదు.

ఆ తర్వాత రోజూ పోయాను, కాగితం లేకుండా. ఊరికి పడమట మబ్బు కనిపించిన సాయంత్రం కూడా పోయాను. ఆట సగంలో ఉండగా డేరా గుడ్డ మీద టపటపమంది. మొదట తెర మీది చప్పుడే అనుకున్నాం, అయితే తెర మీద ఎండగా ఉంది. ఎవరో వాన అని కేక వేశారు. తడిక విరిగిపోయింది. మగా ఆడా పిల్లా జెల్లా అంతా ఒక్కసారి బయటపడ్డారు. ఎవరూ ఇంటికి పరిగెత్తలేదు, టెంటు బయట చీకట్లో నిలబడి తడిశారు. చిన్నమ్మ వంగి వేలు నేలలోకి గుచ్చి చూసుకుంటోంది. లోపల ఖాళీ ఇసుక కుప్పల ముందు బొమ్మ ఆడుతూనే ఉంది. టెంటు యజమాని గుమ్మంలో నిలబడి ఒకసారి తెర వంకా ఒకసారి వాన వంకా చూసి, చివరికి తనూ చెయ్యి బయటకు చాచాడు.

మరుసటి రోజుకు టెంటు లేచిపోయింది. నా కాగితాలతో చిన్నమ్మ నీళ్ళపొయ్యి రాజేసింది, నేను వద్దనలేదు. వట్టి చేతులతో మా గైడు గారి ఎదుట నిలబడి జరిగిందంతా చెప్పాను. అంశం పోయిందనే అనుకున్నాను. ఆయన, వాన పాట దగ్గర వాళ్ళేమన్నారో మళ్ళీ ఒకసారి చెప్పమ్మా అన్నారు. మళ్ళీ చెప్పాను. ఆయనదీ కణేకల్ పక్క మెట్ట సేద్యం ఇల్లేనని నాకు అప్పుడే తెలిసింది. లెక్కలు అడిగేవాళ్ళకు నేను జవాబు చెప్పుకుంటాలే, నువ్వు ఇది రాయి అన్నారు. రాశాను. ఆ రాతే నాకు డిగ్రీ ఇచ్చింది, ఉద్యోగం ఇచ్చింది, ఈ ఇల్లు ఇచ్చింది.

ఇప్పుడు నా ఫోనులోనూ వాన పాటలు వస్తాయి. పాటలేం ఖర్మ, నిజం వానలే వస్తాయి. ఎవరి ఊళ్ళో పడిన వాన వాళ్ళు తీసి పెడతారు. చెరువు నిండిన వీడియో వచ్చినా, దాన్ని చివరిదాకా చూడను. నేల తడిసిందా లేదా అని చూసేలోపే వేలు పైకి తోసేస్తుంది, ఇంకొకటి వస్తుంది, దాన్నీ తోసేస్తుంది. మళ్ళీ వెయ్యమని అడిగిన జనాన్ని చూసి ఒక పుస్తకమంత రాసినదాన్ని, ఒక్కసారి కూడా పూర్తిగా చూడకుండా గంటలు గంటలు చూస్తున్నాను. ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పడానికే నాకు సిగ్గేసింది. నిజం చెబితే కరువు పని పోతుందని ఆ ఊరివాళ్ళు భయపడ్డారు, దానికి ఒక అర్థముంది. నాకు పోయేదేముంది?

నిన్న పొద్దున ఆమెకు ఫోను చేశాను. అమ్మా, నేను చెప్పింది నిజం కాదు, నేను చూస్తాను, చాలా చూస్తాను, ఒక సాయంత్రం ఆ ట్యాబు ఇంట్లో పెట్టి ఊరికే వచ్చి నా పక్కన కూర్చో అన్నాను. ఆ పిల్ల మంచిదే, నొచ్చుకోకుండా మాట్లాడింది. "అయ్యో, అప్పుడే సబ్మిట్ అయిపోయినాది మేడమ్, ఇంగ మార్చేదానికి రాదు. ఒక్కరి జవాబుతో ఏం కాదులే మేడమ్," అంది. వస్తానని మాత్రం అనలేదు. ఆమెకు ఇంకా చాలా ఇళ్ళు ఉన్నాయట.

కాబట్టి ఆమె లెక్కలో నేను ఏమీ చూడని మనిషిగానే ఉండిపోతాను. దాన్ని పొయ్యిలో వేసి నీళ్ళు కాచుకునే వీలు కూడా లేదు. ఆనాడు చిన్నమ్మ నాతో పొద్దున బొంకింది, సాయంత్రం తన పక్కన ఇసుక కుప్ప చేసి కూర్చోబెట్టింది. ఆమె ఏం చూస్తోందో నేను ఆమె చూపు వెంట చూసి తెలుసుకున్నాను. నేను చూసేది చూడటానికి నా పక్కన ఎవరూ లేరు, ఈ ఆరంగుళాల తెర ముందు రెండో మనిషికి చోటూ లేదు.