ఈశ్వరి అలకు ముందర

ఈశ్వరి అలల మీద పరిశోధన చేస్తోందని తెలిసి మడకశిర బస్సులో నవ్వనివాళ్లు లేరు. "ఏమక్కా, బోర్లోనే నీళ్లు రావు, నీకు అలలు యాడివి?" ఆమె కూడా నవ్వేది. గొర్లు కాసే ఎర్రప్ప కూతురు, కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఏడేళ్లుగా ఒకే అలతో కాపురం.

రెండు వందల ఏళ్ల కిందటి మాట. ఒక దొర కాలువ గట్టున పోతుంటే, పడవ ఆగి, దాని ముందునుంచి ఒకే ఒక్క నీళ్ల దిబ్బ లేచి కదిలిందట. రూపు చెదరకుండా పోతున్న దాన్ని గుర్రం మీద చాలాదూరం వెంబడించాడు. దొర పేరు పుస్తకాల్లో ఉంది, పరిగెత్తిన గుర్రం పేరు లేదు. సరే, ఆ అలకు ఒంటరి అల అని పేరొచ్చింది.

ఈశ్వరి సమీకరణంలో అదనంగా ఒక పదం ఉంది. దాని గుణకం ఆవగింజలో అరవయ్యో వంతు. అది ఉన్నా అల చెదరదని చూపడమే ఆమె థీసిస్. రాయడం అయిపోయింది, ఇవ్వడమే తరువాయి.

మందలో తప్పిపోయే గొర్రె వెనకే పడుతుంది. ఆ అలవాటు కొద్దీ ఈశ్వరి ఎప్పుడు బొమ్మ గీసినా అలనూ, దాని వెనక భాగాన్నీ చూసేది. అక్కడంతా నున్నగా ఉండేది. ఆ ఆదివారం పొద్దున ఊరికే ముందువైపు కూడా గీసింది. అలకు ముందర, వెంట్రుకంత వణుకు.

"కంప్యూటర్ తప్పమ్మా అది. ఆ ముక్క కత్తిరించి పంపు," అన్నాడు గైడు సురేంద్ర, ఫోన్లో.

కంప్యూటర్ తప్పయితే, లెక్కను ఇంకా సన్న ముక్కలుగా వేస్తే ఆ వణుకు తగ్గాలి. వేసింది. మళ్లీ వేసింది. తగ్గలేదు. అంటే అల తన బలాన్ని కొంచెం కొంచెంగా ముందుకు పారబోసుకుంటోంది. ఎంతదూరమైనా చెదరని అల తన సమీకరణంలో లేనే లేదు.

వాకిట్లో కంబళి దులుపుతున్న ఎర్రప్ప తొంగిచూశాడు. "ఏమ్మే, మొగం అట్ల పెట్టినావు? సచ్చిందా నీ అల?"

"సావలేదు నాయనా. కారతాండాది."

"మన గొర్రెకు పడిశం పట్టినా అంతే. రెండ్రోజులకు తగ్గుతాది."

"ఇది తగ్గదు నాయనా." నవ్వొచ్చింది ఆమెకు. ఆ నవ్వుతోనే మళ్లీ ఫోన్ చేసింది.

"సార్, తప్పు కంప్యూటర్‌ది కాదు. బొమ్మ కత్తిరించను."

"మూడో అధ్యాయం మొత్తం పోతుంది. ఇంకో ఏడాది పడుతుంది. తెలిసే అంటున్నావా?"

"తెలిసే సార్."

"సరే. గుణకం తగ్గించేకొద్దీ ఆ వణుకు ఎంత తగ్గుతోందో కొలిచినావా?"

"ఇంకా లేదు సార్," అంది ఈశ్వరి, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.